బండిని ఎత్తు చేస్తే బలం పెరుగుతుందా?

అమెరికాలో పికప్ ట్రక్కు అనే బండి వాడకం చాలా ఎక్కువ. ముందు మనుషులు కూర్చునే గది, వెనక సామాను వేసుకునే తొట్టి, ఇదీ దాని రూపం. కొందరు దీనిని కొన్న తరవాత స్ప్రింగుల దగ్గర మార్పులు చేయించి, అర అడుగో అడుగో పైకి లేపుతారు. కింద పెద్ద పెద్ద టైర్లు బిగిస్తారు. సినిమాల్లోనో వీడియోల్లోనో అటువంటి బండిని చూసి, "అబ్బ! ఎంత బలమైన బండి!" అని మీరూ అనుకొని ఉంటారు.

ఎత్తు చేసినంత మాత్రాన బండికి బలం రాదని నా అభిప్రాయం. పైగా, ఒకటి మార్చి మిగిలినవి మార్చకపోతే ఉన్న బలం కూడా తగ్గుతుంది. ఎలాగో మీ తరగతి లెక్కలతోనే చూద్దాం. నా మాట నమ్మనక్కరలేదు. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకొని మీరే సరిచూడండి.

ఏది ఎంత లేస్తుంది?

పికప్ వెనక భాగంలో రెండు చక్రాలనూ కలుపుతూ ఒక ఇరుసు ఉంటుంది. దాని మధ్యలో గుండ్రటి పెట్టె ఒకటి కిందికి వేలాడుతూ కనిపిస్తుంది. అదే డిఫరెన్షియల్. రాళ్ల దారిలో ముందుగా నేలకు తగిలేది సాధారణంగా ఇదే. స్ప్రింగుల మీద బండిని ఎంత పైకి లేపినా ఈ పెట్టె ఒక్క మిల్లీమీటరు కూడా లేవదు. ఎందుకని? ఇరుసు స్ప్రింగుల కింద ఉంది కాబట్టి. దానిని పైకి లేపగలిగేది టైరు ఒక్కటే.

80 సెం.మీ. వ్యాసం ఉన్న టైరు తీసి 89 సెం.మీ. టైరు వేశామనుకోండి. ఇరుసు లేచేది వ్యాసాల తేడాలో సగం, అంటే నాలుగున్నర సెంటీమీటర్లు. మరి బండిని పైకి లేపడం దేనికి? పెద్ద టైరు మడ్‌గార్డుకు రాసుకోకుండా తిరగడానికి. కాబట్టి ముందు టైరు ఎంచుకోవాలి, తరవాత దానికి చాలినంత మాత్రమే ఎత్తు పెంచాలి. చాలామంది చేసేది దీనికి తలకిందులు.

పెద్ద చక్రం, తక్కువ తోపు

"మన ఎడ్లబండికి పెద్ద చక్రాలే కదా! అవి మంచివి కావా?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. ఎడ్లబండి చక్రాన్ని ఎవరూ తిప్పరు. ఎడ్లు బండిని లాగుతాయి, చక్రం దొర్లుతుంది. అక్కడ చక్రం పెద్దదైతే గుంటలూ రాళ్లూ తేలికగా దాటుతుంది. లాభమే తప్ప నష్టం లేదు. ట్రక్కులో అలా కాదు. ఇంజను ఇరుసును తిప్పుతుంది, ఇరుసు చక్రాన్ని తిప్పుతుంది. ఇరుసు దగ్గర తిప్పే శక్తి అంతే ఉండి వ్యాసార్థం పెరిగితే, నేల దగ్గర తోపు ఆ మేరకు తగ్గుతుంది. ఇది తులాదండం సూత్రమే. 80కి బదులు 89 సెం.మీ. టైరు వేస్తే తోపు సుమారు పదోవంతు తగ్గుతుంది. "పెద్ద టైరు, పెద్ద బలం" అన్న మాట ఇక్కడే తప్పిపోయింది.

మరో చిక్కు చూడండి. 80 సెం.మీ. టైరు ఒక కిలోమీటరుకు సుమారు 398 సార్లు తిరుగుతుంది. 89 సెం.మీ. టైరుకు 358 చుట్లు చాలు. స్పీడు చూపే మీటరు చుట్లనే లెక్కపెడుతుంది కాని దారిని కొలవదు. అందుచేత మీటరులో 100 కి.మీ. కనిపిస్తున్నప్పుడు బండి నిజంగా 111 కి.మీ. వేగంతో పోతూ ఉంటుంది. మీటరును సరిదిద్దకపోతే డ్రైవరుకు ఈ సంగతి తెలియదు.

ఒక్క పన్ను తేడా

పోయిన తోపును తిరిగి తెచ్చే మార్గం ఒకటుంది. అది గేర్లలో ఉంది. డిఫరెన్షియల్ పెట్టెలో పినియన్ అనే చిన్న పళ్ల చక్రం, క్రౌన్ అనే పెద్ద పళ్ల చక్రాన్ని తిప్పుతుంది. పినియన్‌కు 11 పళ్లు, క్రౌన్‌కు 41 పళ్లు ఉంటే నిష్పత్తి 3.73. అంటే ఇంజను వైపు నుంచి వచ్చే షాఫ్టు 3.73 సార్లు తిరిగితే చక్రం ఒకసారి తిరుగుతుంది. టైరు 80 నుంచి 89కి పెరిగింది కదా! 3.73ను 89తో హెచ్చవేసి 80తో భాగించండి. సుమారు 4.15 వస్తుంది. పినియన్‌కు 10 పళ్లు, క్రౌన్‌కు 41 పళ్లు ఉన్న జత దొరుకుతుంది. దాని నిష్పత్తి 4.10, మనకు కావలసినదానికి చాలా దగ్గర. ఒక్క పన్ను తగ్గించడంతో పోయిన తోపు దాదాపు అంతా తిరిగి వచ్చింది!

అయితే ఒక జాగ్రత్త. బండికి నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే ఏర్పాటు ఉంటే, ముందు ఇరుసులోను వెనక ఇరుసులోను ఒకే నిష్పత్తి ఉండాలి. లేకపోతే ముందు చక్రాలు ఒక వేగంతో, వెనక చక్రాలు మరో వేగంతో తిరగబోయి గేర్లను విరగ్గొడతాయి. మరో మాట: గేరు మార్చినా బ్రేకు మారదు. పెద్ద చక్రాన్ని ఆపడానికి బ్రేకు ఎక్కువ శ్రమ పడాలి. బరువైన టైరైతే ఇంకా ఎక్కువ.

నిజమైన బలం గాలిలో ఉంది

ఇసుకలోనూ మంచులోనూ బండి దిగబడకుండా పోవాలంటే కావలసింది ఎత్తు కాదు, నేలను తాకే వైశాల్యం. ఒక చక్రం మీద 600 కిలోల బరువు పడుతోందనుకోండి. టైరులో గాలి పీడనం చదరపు సెంటీమీటరుకు రెండున్నర కిలోలైతే టైరు నేలను సుమారు 240 చ.సెం.మీ. మేర తాకుతుంది. గాలి తీసి ఒక కిలోకు తగ్గిస్తే 600 చ.సెం.మీ. తాకుతుంది. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికావారి "డక్" అనే నీటిలోనూ నేలమీదా నడిచే ట్రక్కులో, డ్రైవరు తన సీటు నుంచే టైర్లలో గాలిని పెంచి తగ్గించే ఏర్పాటు ఉండేది. ఐస్‌లాండ్‌లో హిమానీనదాల మీద తిరిగే బండ్లకు వెడల్పాటి పెద్ద టైర్లు వేసి, గాలి బాగా తగ్గించి, మెత్తటి మంచు మీద నడుపుతారు. అక్కడ పెద్ద టైరుకు పని ఉంది.

అందుకే రిమ్ము ఎంచుకోవడంలోనూ తెలివి కావాలి. బయటి వ్యాసం అంతే ఉండి రిమ్ము పెద్దదైతే టైరు పక్కగోడ చిన్నదవుతుంది. చూడడానికి నాజూగ్గా ఉంటుంది కాని గాలి తగ్గిస్తే ఒదగడానికి రబ్బరు మిగలదు. రాయి తగిలితే దెబ్బ రిమ్ముకే. గాలి తగ్గించిన టైరుతో తారురోడ్డు మీద వేగంగా పోవడమూ ప్రమాదమే. అది బాగా వేడెక్కి పగిలిపోవచ్చు.

బోల్తా, బాలలు

అగ్గిపెట్టెను పలక మీద ఒకసారి పడుకోబెట్టి, ఒకసారి నిలబెట్టి, పలకను వంచి చూడండి. ఏది ముందు పడుతుంది? అమెరికా ప్రభుత్వ రహదారి భద్రతా శాఖ కూడా ఇదే సూత్రంతో ఒక లెక్క కడుతుంది. రెండు పక్క చక్రాల మధ్య దూరంలో సగాన్ని గరిమనాభి ఎత్తుతో భాగిస్తుంది. చాలా కార్లకు ఇది 1.3కు పైనే వస్తుంది. పికప్పులకు అంతకన్నా తక్కువ. మన ఉదాహరణలో చక్రాల మధ్య దూరం 170 సెం.మీ., గరిమనాభి ఎత్తు 72 సెం.మీ. అనుకుందాం. జవాబు 1.18. గరిమనాభిని 15 సెం.మీ. పైకి లేపండి. జవాబు 0.98కి దిగిపోతుంది. మలుపులో బోల్తా పడడం అంత సులభమైందన్నమాట.

నన్ను ఎక్కువగా బాధించేది ఇంకొకటి. బానెట్టు ఎత్తయితే దాని ముందు నిలబడ్డ చిన్నపిల్లలు డ్రైవరుకు కనిపించరు. అమెరికాలో బీమా సంస్థలు నడిపే ఒక భద్రతా పరిశోధన సంస్థ 2023లో ఒక అధ్యయనాన్ని ప్రకటించింది. బానెట్టు ముందు అంచు 100 సెం.మీ. కన్నా ఎత్తున్న బండ్లు పాదచారిని గుద్దితే, బానెట్టు 76 సెం.మీ. లోపు ఉండి ఏటవాలుగా ఉన్న బండ్లతో పోల్చినప్పుడు, మరణించే అవకాశం సుమారు 45 శాతం ఎక్కువని తేలింది. ఇవి ఎత్తు పెంచని మామూలు బండ్ల సంగతులు. వాటిని ఇంకో అడుగు లేపితే?

మన దేశంలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను తయారీదారు నిర్ణయించిన రూపాన్ని ఇష్టం వచ్చినట్లు మార్చనివ్వదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే చెప్పింది. "స్వేచ్ఛ లేదా?" అని కొందరు గొణుగుతారు. రోడ్డు అందరిదీ అయినప్పుడు, ఒకరి సరదాకు మరొకరి ప్రాణం పూచీ కాకూడదు.

మంచులో రోగిని చేర్చేవాడికి, అడవిలో మంటలు ఆర్పేవాడికి పెద్ద టైరు కావాలి. వారు టైరు, రిమ్ము, గేరు, బ్రేకు అన్నీ కలిపి లెక్కవేసి మార్చుకోవాలి. పట్నం వీధిలో గొప్పగా కనపడడానికైతే అక్కరలేదు.

ఈ ఆదివారం మీ సైకిలు పెడలు దగ్గరి పళ్లు, వెనక చక్రం పళ్లు లెక్కపెట్టండి. పెడలు ఒకసారి తిప్పితే సైకిలు ఎంత దూరం పోవాలో కాగితం మీద కట్టి, తరవాత నేల మీద కొలవండి. రెండూ సరిపోతే, పెద్ద ట్రక్కును చూసి నోరు తెరిచే పని మీకిక ఉండదు. "దీని గేరు నిష్పత్తి ఎంత?" అని అడుగుతారు.