బేగంపేటలో చుక్కల పద్దు

శనివారం రాత్రి పది గంటలు. రాయదుర్గంలో పద్నాలుగో అంతస్తు బాల్కనీ. సైన్సు పుస్తకంలో పాలపుంత బొమ్మ చూసొచ్చిన పిల్లాడు తలెత్తి వెతుకుతున్నాడు. ఎదురుగా గాజు భవనాలు, వాటి నెత్తిన కంపెనీల పేర్లు, కింద ఫ్లైఓవర్‌ మీద ఎర్రదీపాల బారు. పైన మాత్రం ఆకాశం బూడిద రంగులో ఉంది.

‘చుక్కలేవి నాన్నా?’

నాన్న కూడా తలెత్తాడు. ఇద్దరూ కలిసి లెక్కపెట్టారు. ఒకటి, రెండు, మూడు... ఏడు దగ్గర లెక్క ఆగిపోయింది. ఎనిమిదోది దొరికిందని పిల్లాడు గంతేసేలోపే అది మెల్లగా కదిలి శంషాబాద్‌ వైపు దిగిపోయింది. విమానం!

మాదాపూర్‌, కొండాపూర్‌, గచ్చిబౌలిల్లో ఇలాంటి బాల్కనీలు వేలల్లో ఉంటాయి. అక్కడి పిల్లల్లో చాలామందికి ఈ సంగతి తెలియదు... ఆ బాల్కనీకి మెట్రో రైలు దూరంలోనే ఒకప్పుడు కొందరు ఏళ్ల తరబడి రాత్రిళ్లు మేలుకుని చుక్కలు లెక్కపెట్టారు. ఏడూ ఎనిమిదీ కాదు, లక్షల్లో!

నవాబుగారి దుర్భిణి

రాయదుర్గంలో మెట్రో ఎక్కితే అమీర్‌పేట తర్వాత వచ్చే స్టేషను బేగంపేట. అక్కడున్న సామాజిక, ఆర్థిక పరిశోధన సంస్థ ‘సెస్‌’ చిరునామాలో ఇప్పటికీ ‘నిజామియా అబ్జర్వేటరీ క్యాంపస్‌’ అని ఉంటుంది. ఆ పేరు వెనక ఓ నవాబుగారి సరదా ఉంది.

ఆయన పేరు నవాబ్‌ జాఫర్‌ జంగ్‌. ఇంగ్లండు నుంచి 15 అంగుళాల పెద్ద దుర్భిణి తెప్పించి, 1901లో ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో వేధశాల పెట్టారు. నిజాం అనుమతితో దానికి నిజామియా అని పేరు వచ్చింది. ఆకాశాన్ని ఫొటో తీసే 8 అంగుళాల మరో దుర్భిణి కూడా ఆయన కొన్నదే. 1907లో నవాబు కన్నుమూశారు. మరుసటి ఏడాది ప్రభుత్వం వేధశాలను తన చేతుల్లోకి తీసుకుంది. తర్వాత అది బేగంపేటకు మారింది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది.

ఆ రోజుల్లోనే ఓ పెద్దపని హైదరాబాద్‌ను వెతుక్కుంటూ వచ్చింది. ఆకాశం మొత్తాన్నీ ఫొటోలు తీసి, ఒక్కో నక్షత్రం ఎక్కడుందో పద్దు రాయాలని 1887లో పారిస్‌లో ప్రపంచ ఖగోళ శాస్త్రవేత్తలు తీర్మానించారు. ఊరి పొలాల్ని సర్వే చేసినట్టు ఆకాశాన్ని పట్టీలుగా కోసి, తలా ఒకటి పంచుకున్నారు. చిలీ దేశంలోని శాంటియాగోకు ఇచ్చిన పట్టీ పని ముందుకు సాగలేదు. దాన్ని హైదరాబాద్‌ తీసుకుంది. మన పంచాంగాల్లోని అనూరాధ నక్షత్రం ఆ పట్టీలోదే! ఆ పని అయ్యాక జర్మనీలోని పోట్స్‌డామ్‌ పూర్తిచేయలేకపోయిన ఉత్తరాకాశంలో కొంత భాగమూ బేగంపేటకే వచ్చింది.

ఫొటో అంటే ఇప్పటిలా క్లిక్‌మనిపించడం కాదు. మందు పూసిన గాజుపలకను దుర్భిణికి అమర్చాలి. భూమి తిరుగుతుంటే చుక్క జారిపోకుండా దుర్భిణినీ దానితోపాటు తిప్పుతుండాలి. ఒక్కో పలకమీద పడేది నాలుగు నిండు చందమామలు పక్కపక్కన పెడితే ఎంతో అంత వెడల్పున్న ఆకాశం ముక్క. పలక కడిగాక అసలు పని మొదలవుతుంది. దానిమీది సన్నటి గళ్ల మధ్య చుక్క ఎక్కడుందో సూక్ష్మదర్శినిలో చూసి కొలవాలి. ఆ అంకెను కాగితం మీద రాయాలి. తర్వాత ఇంకో చుక్క... ఆ తర్వాత ఇంకోటి... 1914లో మొదలైన ఈ పని 1930ల చివరిదాకా సాగింది. రాబర్ట్‌ పొకాక్‌ తర్వాత టి.పి.భాస్కరన్‌ ఏళ్ల తరబడి ఆ బాధ్యత మోశారు. పలకలు కొలిచిన సహాయకుల పేర్లు మాత్రం చాలామందికి తెలియవు.

వందేళ్లకు పండిన పంట

ఇంత కష్టపడితే అప్పట్లో ఏం తేలింది? నిజం చెప్పాలంటే పెద్దగా ఏమీ లేదు. లావుపాటి పుస్తకాల నిండా అంకెలు. చాలా దేశాల్లో ఆ సంపుటాలు బీరువాల్లో దుమ్ము పట్టాయి. ఇదంతా వృథా శ్రమ అన్నవాళ్లూ ఉన్నారు.

కానీ నక్షత్రాలు కదులుతాయి. మన కంటికి తెలియనంత నెమ్మదిగా. మనకు కనిపించేంత వరకూ అందరికన్నా జోరుగా పరుగెత్తే బెర్నార్డ్‌ నక్షత్రమే నిండు చందమామ వెడల్పంత జరగడానికి దాదాపు 175 ఏళ్లు పడుతుంది. మిగతావాటి సంగతి చెప్పక్కర్లేదు. అవి ఎటు, ఎంత వేగంగా వెళ్తున్నాయో తెలియాలంటే దారి ఒక్కటే. ఇవాళ ఎక్కడున్నాయో చూడాలి, ఎన్నో ఏళ్ల కిందట ఎక్కడున్నాయో కూడా తెలియాలి. ఇవాళ్టి సంగతి ఉపగ్రహం చెబుతుంది. వందేళ్ల కిందటి సంగతి ఎవరు చెప్పాలి?

అప్పుడు గుర్తొచ్చాయి ఆ బీరువాలు. 1989లో ఐరోపా ప్రయోగించిన హిప్పార్కోస్‌ ఉపగ్రహం నక్షత్రాల స్థానాలు కొలిచింది. ఆ కొలతల పక్కన బేగంపేటతో సహా ప్రపంచంలోని వేధశాలలు రాసిపెట్టిన పాత పద్దుల్ని పెట్టి, 2000లో 25 లక్షల నక్షత్రాల కదలికల్ని తేల్చారు. ‘టైకో-2’ అనే ఆ జాబితా ప్రపంచమంతా వాడింది. పద్దు రాసినవాళ్లలో చాలామంది అప్పటికే లేరు. వాళ్ల అంకెలు మాత్రం పనికొచ్చాయి.

యాసను బట్టి ఊరు

సరే, చుక్క ఎటు వెళ్తోందో తెలిస్తే మనకేంటి?

హైటెక్‌ సిటీలో సాయంత్రం ఓ టీకొట్టు దగ్గర నిలబడండి. మాట వింటే చాలు... ఈ అబ్బాయిది శ్రీకాకుళం, ఆ అమ్మాయిది కరీంనగర్‌, ఆయనది కడప అని పట్టేస్తాం. అందరూ ఇక్కడే కలిసిపోయినా యాస పోదు కదా! నక్షత్రాలకూ అలాంటి యాస ఉంటుంది. అవి ఏ దారిలో, ఎంత వేగంగా తిరుగుతున్నాయో చూసి, వాటిలో ఇనుము లాంటి మూలకాలు ఎంత ఉన్నాయో తెలుసుకుంటే ఏవేవి ఒకే ఊరినుంచి వచ్చాయో చెప్పొచ్చు. విశ్వం తొలినాళ్లలో అలాంటి మూలకాలు చాలా తక్కువ. కాబట్టి అవి ఎంత తక్కువుంటే నక్షత్రం సాధారణంగా అంత పాతదన్నమాట.

2013లో ఎగిరిన గయా ఉపగ్రహం 2025 జనవరి దాకా దాదాపు 200 కోట్ల నక్షత్రాల్ని పదేపదే చూసింది. దానికి పాత పలకల అవసరం లేదు. ఏళ్ల తరబడి తన పద్దు తానే రాసుకుంది. ఆ లెక్కల్లో వెతికిన శాస్త్రవేత్తలు ఖ్యాతి మల్హన్‌, హాన్స్‌-వాల్టర్‌ రిక్స్‌లకు పాలపుంత నడిబొడ్డుకు దగ్గర్లో రెండు పాత గుంపులు దొరికాయి. ఒక్కోటి కోటి సూర్యులంత బరువు. వాటిలోని నక్షత్రాలు 1200 నుంచి 1300 కోట్ల ఏళ్ల కిందట పుట్టినవి. అంటే మన పాలపుంత ముక్కలు ముక్కలుగా చేరి ఒక ఇల్లుగా కట్టుకుంటున్నప్పటివి. 2024లో ప్రకటించిన ఆ గుంపులకు వాళ్లు పెట్టిన పేర్లేమిటో తెలుసా? శివ, శక్తి!

విశ్వం బాల్యాన్ని చూడ్డానికి ఇంకో దారీ ఉంది. చాలా దూరం చూడటం. జేమ్స్‌ వెబ్‌ టెలిస్కోపు 2025లో గుర్తించిన ఓ నక్షత్ర మండలం వెలుగు, విశ్వం పుట్టిన 28 కోట్ల ఏళ్లకే బయల్దేరి ఇప్పుడు మనల్ని చేరింది. విశ్వం వయసు 1380 కోట్ల ఏళ్లు. అంత తొలినాళ్లలోనే నక్షత్ర మండలాలు ఊహించినదానికన్నా ఎక్కువ కాంతితో వెలిగాయని తెలిసి శాస్త్రవేత్తలు ఇప్పటికీ తలలు గోక్కుంటున్నారు.

పద్దు ఆగలేదు

బేగంపేటలో పని ముగిసినా మన దగ్గర లెక్కలు రాసేవాళ్లు కరవవలేదు. గచ్చిబౌలి దాటి ముంబయి రహదారిలో వెళ్తే కంది దగ్గర ఐఐటీ హైదరాబాద్‌ వస్తుంది. అక్కడి పరిశోధకులు, విద్యార్థులు సభ్యులుగా ఉన్న భారత్‌-జపాన్‌ బృందం ఒకటి పల్సర్లను గమనిస్తోంది. గడియారాల్లా క్రమం తప్పక సంకేతాలు పంపే నక్షత్రాలివి. యూరప్‌ టెలిస్కోపులు పాతికేళ్లు రాసిన లెక్కలకు పుణె దగ్గరున్న జీఎంఆర్‌టీ లెక్కలు కలిపితే ఆ గడియారాల్లో అతి చిన్న తేడా కనిపించింది. సుదూర నక్షత్ర మండలాల్లో జంటగా తిరిగే భారీ కృష్ణబిలాలు విశ్వమంతా పుట్టించే అలలే దానికి కారణం కావచ్చని 2023 జూన్‌లో ప్రకటించారు. ఇదీ ఒక్కరాత్రిలో తేలింది కాదు. ఓపిగ్గా రాసిన పద్దే!

ఏడు చుక్కలతో ఏం చేయాలి?

మరి మన బాల్కనీ మాటేమిటి?

దీపాలు వేధశాలనూ ఊరు దాటించాయి. 48 అంగుళాల పెద్ద టెలిస్కోపును 1968లో బేగంపేటలో కాకుండా, నగరానికి దూరంగా జపాల్‌-రంగాపూర్‌లో పెట్టారు. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని శాస్త్రవేత్తలు అక్కణ్నుంచే చూశారు. నగరంలో జనం తలుపులు మూసుకుని కూర్చున్న రోజది. ఇంట్లో తాతయ్యనో నాన్నమ్మనో అడగండి, చెబుతారు. 1998లో సైబర్‌ టవర్స్‌ తెరుచుకునే నాటికి మాదాపూర్‌ చుట్టూ రాళ్లూ గుట్టలే. ఇప్పుడు అక్కడా రాత్రి లేదు.

ప్రపంచమంతటా ఇదే కథ. 2011 నుంచి 2022 వరకూ మామూలు జనం తమ ఇళ్ల దగ్గర కనిపించే చుక్కలు చూసి పంపిన 50 వేలకు పైగా వివరాల్ని శాస్త్రవేత్తలు పరిశీలించారు. రాత్రి ఆకాశం ఏటా సగటున 10 శాతం దాకా తెల్లబారుతోందట. 250 చుక్కలు కనిపించేచోట పుట్టిన పాపకు పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి 100 మాత్రమే మిగులుతాయని వాళ్ల అంచనా.

ఇందులో పోయేది అందం ఒక్కటే కాదు. బేగంపేట వేధశాలలో సహాయకుడిగా పనిచేసిన ఒకాయన కొడుకు చిన్నప్పట్నుంచీ ఆ దుర్భిణుల మధ్యే తిరిగాడు. నిజాం కాలేజీలో చదివాడు. 1949లో అమెరికాలో ఓ తోకచుక్కను కనిపెట్టిన ముగ్గురిలో ఒకడయ్యాడు. ఆయనే వేణు బప్పు. కావలూరులోని పెద్ద టెలిస్కోపుకు ఆయన పేరే పెట్టారు. తలెత్తితే ఏమీ కనిపించని ఊళ్లో అలాంటి పిల్లాడికి ఆ ఆసక్తి ఎక్కణ్నుంచి పుట్టాలి?

పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. వీధిదీపానికి పైన మూత ఉండి వెలుగు కిందికే పడితే చాలు. అపార్ట్‌మెంటు టెర్రస్‌ మీద అవసరం లేని దీపాన్ని పదింటికి ఆర్పేయొచ్చు. సెలవుల్లో ఊరెళ్లినప్పుడు పిల్లల్ని డాబా మీద పడుకోబెట్టి పిల్లలకోడినీ సప్తర్షులనూ చూపించొచ్చు.

అందాకా బాల్కనీ ఉండనే ఉంది. చలికాలం సాయంత్రాల్లో గొల్లకావిడి మూడు చుక్కలు హైటెక్‌ సిటీలోనూ కనిపిస్తాయి. ఓ నోటుబుక్కు తీసి తేదీ, టైమూ, ఎన్ని చుక్కలు కనిపించాయో పిల్లల చేత రాయించండి. వచ్చే ఏడాది అదే రోజున మళ్లీ లెక్కపెట్టించండి. ఏడు ఎనిమిదైతే మీ వీధి గెలిచినట్టే.

విమానాన్ని మాత్రం కలపొద్దు!