అసంపూర్ణ చిత్రములు, సంపూర్ణ దూషణములు

మాదాపురమునందలి రాష్ట్ర చిత్రశాలలో ఒకనాడు నేనొక పటము ముందు నిలిచియుంటిని. అందొక స్త్రీ కూర్చుండియున్నది. ముఖమునకు రంగు వేయబడినది. చేతులు మాత్రము బొగ్గుగీతలుగనే యున్నవి. మోకాలికడ మూడుమాఱులు దిద్దిన గీతలు మూడును కానవచ్చుచున్నవి. ప్రక్కనున్న గృహస్థుడు, హైటెక్ సిటీలో ఉద్యోగి, "అయ్యా, పూర్తికాని పనికి పూర్తి వెల యడుగుదురా?" అని నవ్వెను. ఆ నవ్వునకు బదులు చెప్పవలసియున్నది.

పూర్వులిట్లు చేయలేదనుట మొదటి యాక్షేపణ. కాళహస్తి కలంకారీ పనివాడు ముందు చింతబరికె బొగ్గుతో గీచికొని, పిమ్మట ఇనుమును బెల్లమును ఊరవేసిన నల్లరంగుతో కలము నడుపును. ఆ నలుపు పడినవెనుక దిద్దుబాటు లేదు. కావున సంకోచమంతయు బొగ్గులోనే జరిగి, నీటిలో పోవును. పూర్వులకు సంకోచము లేకపోలేదు. అది మన కంట బడకుండ కడిగివేయబడినది. నేటి చిత్రకారుడు కడుగక నిలుపుచున్నాడు. ఇంతియే భేదము. శాకుంతలము ఆఱవ యంకమున దుష్యంతుడు తాను వ్రాసిన శకుంతల చిత్రమును జూచుచు, మాలినీనదియు, ఇసుకతిన్నెపై హంసల జంటయు, నారచీరలు వ్రేలాడు చెట్టును ఇంకను వ్రాయవలసియున్నవనును. చిత్రము ముగిసియున్నచో ఆ పశ్చాత్తాపమునకు తావెక్కడ?

ఇది సోమరితన మనుట రెండవ యాక్షేపణ. కొందఱి విషయమున నిది నిజమే. ఒకవైపు మాత్రమే వ్రాసి, రెండవవైపు ఊహించుకొనుడని చెప్పిన చిత్రకారుని కథ మన మెఱిగినదే. తెనాలి రామకృష్ణుడు గోడలపై విడివిడిగ కాలుసేతులు గీచి, తక్కినది ప్రభువే ఊహించుకొనవలెననెను! 2016 లో న్యూయార్కులో అసంపూర్ణ కృతులకే పెద్ద ప్రదర్శనము జరిగినది. అట్టి గౌరవము లభించినచోట వేషధారులు చేరుట వింతగాదు. కాని దొంగసన్న్యాసులున్నారని సన్న్యాసమును దూషింతుమా? 1899 లో సెజాను వొల్లారను వర్తకుని చిత్రమును వ్రాయుచు అతనిని 115 మాఱులు కూర్చుండబెట్టెనని వొల్లారే చెప్పెను. అయినను చేతిపై రెండుచోట్ల బట్ట రంగులేక మిగిలినది. తగిన వర్ణము దొరకక యేదో యొకటి పూసినచో పటమంతయు మరల వ్రాయవలసివచ్చునని అతని జంకు. ఇది సోమరితనమా, నిజాయితీయా?

ఇక ఆ గృహస్థుని మాట. 1998 లో సైబర్ టవర్సు తెఱచినది మొదలు ఆ ప్రాంతపు జీవనమేమి? సాఫ్ట్‌వేరును లోపములతోనే విడుదలచేసి, పిమ్మట సవరించుచు, మరల మరల విడుదలచేయుటయే గదా! తన పనికి సవరణలను హక్కుగా గోరువాడు, చిత్రకారునికడ ఒక్క దిద్దుగీతను సహింపలేడు. ఇదెక్కడి న్యాయము?

ఈ వాదము చిత్రశాలతో ముగియదు. నా తరగతిలో పిల్లలు తప్పుగీత కనబడునని భయపడి, కాగితము చిరుగునంతవఱకు రబ్బరుతో చెఱపుచున్నారు. ఈ భయమును పుట్టుకతో తెచ్చుకొనలేదు. మన యిండ్లలో, మా బడులలో నేర్చికొనిరి. తప్పుగీత దాచుటయే విద్యయని నమ్మిన బిడ్డ, తెలియనిదానిని తెలియదని చెప్పుటకు సాహసింపదు. మోకాలికడ మూడుగీతలు నిలిపిన ఆ చిత్రకారుడు అట్లు చెప్పగలిగెను. పటము కొనకున్నను దోషము లేదు. బిడ్డ చేతినుండి ఆ రబ్బరు మాత్రము తీసికొనుడు.