కొరమీనుకు గాలము: ఏ ఎఱ, ఏ కార్తె?

తొలకరి వానలు కురిసి చెఱువులలోనికి క్రొత్తనీరు చేరగానే మన గ్రామములలో గాలపు కఱ్ఱలు బయటికి వచ్చును. దుక్కి ముగించి, నారుమడి తడిపి, రెండు గడియలు తీరిక చిక్కిన రైతు చెఱువుగట్టున కూర్చుండి గాలము వేయుట తప్పని మేమనము. వ్యయము లేని వినోదమును, ఇంటికింత కూరయు దానివలన లభించుచున్నవి. అయితే ఈ నడుమ ఎఱలను గూర్చి మన సభ్యులలో జరుగుచున్న సంభాషణలు వినగా, ఏ ఎఱకు చేప త్వరగా పడును అను ఒక్క ప్రశ్నయే అందఱకును ముఖ్యమైనట్లు తోచుచున్నది. ఆ ఎఱను ఏ కార్తెలో, చెఱువులో ఏ తావున వేయుచున్నాము అను ప్రశ్న దానికంటె పెద్దదని మా యభిప్రాయము. రెండింటిని గూర్చియు ఇచట కొంత వ్రాయదలచితిమి.

గాలమువారి చూపంతయు కొరమీను మీదనే యుండును. దీనినే కొన్ని తావుల కొర్రమట్ట యందురు. తెలంగాణము దీనిని తన రాష్ట్రపు చేపగా స్వీకరించినది. ఇది వేటాడి తిను చేప. తుంగ, జమ్ము, కలువ తీగెల నీడను కదలక పొంచియుండి, దాపునకు వచ్చిన కప్పను గాని చిఱుచేపను గాని ఒక్కమాఱు దూకి మ్రింగును. మొప్పలు గాక గాలిని పీల్చు అవయవము కూడ దీని తలలో గలదు. అందుచే అప్పుడప్పుడు నీటిపైకి వచ్చి గాలి గుటుక వేయక బ్రదుకజాలదు. ఆ చప్పుడును, పిమ్మట లేచు బుడగలను బట్టియే ఆరితేఱినవాడు చేపయున్న తావు గుర్తించును. నీరింకిన వేసవిలో బురదలో తలదాచుకొని వానలవఱకు ప్రాణము నిలుపుకొనుటకును ఈ గాలి పీల్చు శక్తియే కారణము.

వానపాము మట్టగిడసలకును జెల్లలకును చాలును; పెద్ద కొరమీనుకు అది తగిన ఎఱ కాదు. తరతరములుగా మనవారు వాడుచున్నది బ్రదికిన కప్ప. దాని వీపుతోలునకు గాలము గుచ్చి, నీటిపై అది కొట్టుకొనునట్లు కఱ్ఱను గట్టున నాటి, రాత్రియెల్ల వదలి వేకువను వచ్చి చూచుకొందురు. దీనికి బదులుగా నిప్పుడు రబ్బరు కప్పలు వచ్చినవి. పట్టణపు అంగళ్లలోను, ఇంటికే సరకు పంపు వర్తకులవద్దను దొరకు వీనిలో పెక్కు బాసు అను అమెరికా చేపకొఱకు కల్పింపబడిన మాదిరులే. బాసు మన కొరమీనుకు చుట్టము కాదు గాని దాని వేట పద్ధతి ఇంచుమించు ఇదియే: ఆకుల క్రింద పొంచియుండుట, మీద కదలిన దానిపై దూకుట. కావున అచటి ఎఱ ఇచట పనికివచ్చినది.

మంచి రబ్బరు కప్ప లోపల బోలుగా నుండును. రెండు గాలపు కొనలు దాని వీపునంటి పైకి తిరిగియుండును. అందుచే కలువాకుల మీదను, గుఱ్ఱపుడెక్క మీదను చిక్కుకొనక జాఱివచ్చును. చేప కఱచినపుడు రబ్బరు అణగి కొనలు బయటపడును. దీనిని నీటితీగెల కావలికి విసరి, రెండు చిన్న గెంతులు గెంతించి, ఒక నిమిషార్ధము ఊరకుంచి, మరల గెంతింపవలెను. ఆగినపుడే చేప దూకుట తఱుచు. నీరు చిమ్ముట చూచి వెంటనే కఱ్ఱ లాగువాడు రబ్బరు కప్పను మాత్రమే తిరిగి తెచ్చుకొనును. దారము బిగిసి చేప బరువు చేతికి తెలియువఱకు ఓపిక పట్టవలెను. దారము అల్లికదారమై గట్టిదిగా నుండవలెను. సన్ననిదైనచో పట్టువడిన చేప తీగెలలో దూరి తెంపుకొనిపోవును. తీగెలు లేని తేటనీటిలో కప్పకంటె మెఱయు రేకుచెంచా మేలు. వేకువ, సంధ్య, మబ్బుపట్టిన పగలు అనుకూలమైన వేళలు.

రంగులను గూర్చి అంగడివారు చెప్పు మాటలు లెక్కకు మించియున్నవి. వాననీటితో చెఱువు కలకబాఱినపుడు నల్లనిది, నీరు తేఱినపుడు మన పొలపు కప్పవలె పచ్చనిది గాని గోధుమవన్నెది గాని, ఈ రెండు చాలును. క్రిందినుండి చూచు చేపకు ఎఱ నీడయు కదలికయు ముఖ్యములు. పండ్రెండు రంగులు చేపకంటె ముందు కొనువానిని పట్టుకొనుటకే.

ఈ రబ్బరు కప్పను మేము మెచ్చుకొనుటకు అది ఎక్కువ చేపలను పట్టుట కారణము కాదు. నిజమునకు బ్రదికిన కప్పయే ఇప్పటికిని ఎక్కువ పట్టునని వాదించువారును గలరు. వారితో మాకు తగవు లేదు. మా కారణము పొలములో నున్నది. కప్ప రైతు పక్షమున పనిచేయు జీవి. వరిమడిలోని పురుగులను కూలి యడుగక రాత్రియెల్ల తినుచుండును. కప్పకాళ్లను విదేశములకు ఎగుమతి చేయు వ్యాపారము ఒకప్పుడు మన దేశమున విస్తారముగా సాగెను. కప్పలు నశించి పురుగులు హెచ్చుచున్నవను ఆందోళనపై 1987వ సంవత్సరమున ప్రభుత్వము దానిని నిషేధించినది. మఱియు కప్పలు గ్రుడ్లు పెట్టు కాలమును తొలకరియే. ఆ దినములలో బెకబెకలాడుచు గుంపుగూడిన పెద్ద కప్పలను సంచులతో పట్టి గాలములకు గుచ్చుట, పిమ్మట పురుగుమందునకు అప్పుచేయుట, ఈ రెండును ఒకే యింటివారు చేయుచుండుట మేము చూచుచున్నాము. రబ్బరు కప్ప ఒకటి ఒక ఋతువంతయు పనిచేయును. ఆ ధరకు కప్పల ప్రాణములును, పురుగుమందులో కొంతయు మిగులుననుకొన్నచో అది చౌకయే.

ఇక కాలము మాట.

కొరమీను ప్రధానముగా వానకాలమున గ్రుడ్లు పెట్టును. ఒడ్డునకు దాపుగా, లోతులేని తావున ఆలుమగలు రెండును కలిసి తీగెలను తొలగించి, పళ్లెమంత తేటస్థలము చేసికొనును. గ్రుడ్లు నీటిపై తేలుచుండును. ఒకటి రెండు దినములలో పిల్లలు వెలువడును. పిమ్మట అవి ఎఱ్ఱని ముద్దవలె గుంపుగూడి, ఊపిరికై నీటిపైకి వచ్చుచు పోవుచుండగా, తల్లిదండ్రులు వాని క్రిందనే తిరుగుచు వారములకొలది కాచును. ఈ ఎఱ్ఱముద్దను చూడని రైతు మనలో లేడు. దానిని చూడగానే గాలము విసరని గాలపువాడును అరుదు! ఏలయన ఆ తావున ఎఱ పడినచో చేప తప్పక కఱచును. ఆకలిచే కాదు; పిల్లలజోలికి వచ్చినదానిని తఱుముటకు. రబ్బరు కప్ప యైనను, రేకు యైనను, ఉత్త గుడ్డపీలిక యైనను దానికి ఒక్కటే. అట్టి పట్టును ఎఱ గొప్పతనమని చెప్పుకొనుట హాస్యాస్పదము.

ఆ చేపను తీసిన పిమ్మట పిల్లల గతి యేమి? జెల్లలు, మట్టగిడసలు, నీటిపాములు, కొంగలు వానిని మిగుల్చవు. ఒక చేప కూరకుండలోనికి వచ్చుటకు చెఱువు కొన్ని వందల చేపలను కోల్పోవుచున్నది. పట్టి మరల వదలితిమనుటయు పూర్తిగా చాలదు. బాసు విషయమున ఇది బాగుగా పరిశీలింపబడినది. ఆ జాతిలో మగచేప చెఱువడుగున గుంట చేసి గ్రుడ్లను కాచును. గాలమునకు పట్టి కొంతసేపటికి వదలినను, ఆ నడుమనే ఇతర చేపలు వచ్చి గ్రుడ్లను తినివేయును. కెనడా దేశపు ఒంటారియో దక్షిణభాగమున చాల తావులలో గ్రుడ్లు కాచు వసంతకాలమున బాసును పట్టరాదని నియమము పెట్టుట ఇందుకొఱకే.

అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రపు రిడ్జ్ లేక్ అను చెఱువులో జరిగిన పరిశోధన ఇంకను ఆలోచింపదగినది. అచట పలుమాఱులు గాలమునకు చిక్కిన బాసులను ఒక వంశముగను, ఎన్నడును చిక్కనివానిని వేఱొక వంశముగను మూడు తరములు పెంచి చూచిరి. సులభముగా చిక్కు గుణము సంతతికి సంక్రమించునని తేలినది. ఇట్టి వంశముల మగచేపలను పోల్చి చూడగా, సులభముగా చిక్కునవే పిల్లలను ఎక్కువ శ్రద్ధతో కాచుచున్నట్లును కనబడెను. అనగా గాలము మొదట తీసికొనిపోవునది మంచి కాపరినే. కొరమీను వేఱు జాతియే కావచ్చును. కాపరితనమున మాత్రము అది బాసునకు తీసిపోదు. ఇచట తల్లియు తండ్రియు రెండును కాచును.

బొచ్చె, రోహు మొదలగు చేపల సంగతి వేఱు. అవి పాఱునీటిలో గాని గ్రుడ్లు పెట్టవు. నిలువనీటి చెఱువులో ఎంత పెరిగినను సంతానము కలుగదు. 1957వ సంవత్సరము జూలై 10వ తేదీన ఒరిస్సాలోని అంగుల్‌లో శ్రీ హీరాలాల్ చౌదరిగారు పిట్యూటరీ గ్రంథి రసమును సూదిద్వారా ఎక్కించి వీనిచే గ్రుడ్లు పెట్టించుటతో దేశమంతట చేపవిత్తనము లభించు మార్గమేర్పడినది. నాటినుండి మన చెఱువులలో ఏటేట పిల్లలను తెచ్చి వదలుచున్నాము. పోయిన బొచ్చెకు బదులు క్రొత్త బొచ్చె సంచులలో వచ్చును. కొరమీను పిల్లలను అట్లు తెచ్చి వదలు చెఱువులు తక్కువ. చాలవఱకు చెఱువొడ్డున ఉన్న ఆ పళ్లెమంత స్థలమే దానికి విత్తనశాల. విత్తనపు గాదెలో చేయిపెట్టి వండుకొను రైతును మనమేమందుము?

ఇచట రెండు ఆక్షేపణలు వినవచ్చును. కొరమీను మనము వదలిన బొచ్చె పిల్లలను తినునుగదా, దానిపై దయయేల అని కొందఱు మత్స్యకార సోదరులే యందురు. తినుట నిజమే. దానికి మందు, వేలెడు పిల్లలను గాక జానెడు పిల్లలను వదలుట. సంతలో కొరమీను ధర బొచ్చె ధరకు ఎంత మీఱియుండునో వారు మాకంటె బాగుగా నెఱుగుదురు. రెండవది, మేము వదలినచో మఱియొకడు పట్టును అనుట. ఇది సహకార సంఘము లేని యూర చెల్లు మాట. అందఱు కలిసి నిలుపగలిగినదానిని ఒక్కొక్కడు నిలుపలేడనియే గదా మనము సంఘములుగా నేర్పడితిమి!

మృగశిర కార్తె ప్రవేశించిన దినమున చేప తినుట మనవారిలో, ముఖ్యముగా తెలంగాణమున, గట్టి యాచారము. ఆ దినమున కొరమీనుకు గిరాకి హెచ్చు. చెఱువులో గ్రుడ్లు పెట్టు కాలమును అప్పుడే ప్రారంభమగుట విచిత్రము. ఆచారమును మానుకొమ్మని మేము చెప్పుటలేదు. ఆ దినపు కూరకు బొచ్చెయో రోహువో, పెంపకపు మడుగులలోని కొరమీనో పనికివచ్చును.

మా సూచన యిది. మృగశిర మొదలు ఆశ్లేష ముగియువఱకు, అనగా సుమారు జూను రెండవ వారమునుండి ఆగష్టు నడుమవఱకు, గ్రామ చెఱువులలో కొరమీనుకు గాలము వేయరాదని ప్రతి గ్రామమందును రైతు సంఘమును మత్స్యకార సహకార సంఘమును కలిసి తీర్మానించుకొనవలెను. చెఱువులోని చేపలపై హక్కు సామాన్యముగా మత్స్యకార సంఘమునదే గనుక, మిగిలిన కాలమున గాలము వేయు రైతు వారి యనుమతి పొంది, వారు నిర్ణయించు కొద్దిపాటి రుసుము చెల్లించుట న్యాయము. కార్తెలు దాటినను ఎఱ్ఱముద్ద కనబడిన తావునకు దూరముగా నుండవలెను. బ్రదికిన కప్పను గ్రుచ్చుట పూర్తిగా మానవలెను. మందు కలుపుట, తూటా పేల్చుట 1897వ సంవత్సరపు చట్టమునాడే నేరములైనవి. వానిని గూర్చి సంఘము కొత్తగా తీర్మానింప బనిలేదు, ఊరకుండకున్న చాలును.

మఱియొక చిన్న సంగతి కలదు. పశువులు దిగు రేవున గాలము వేయుట వెంటనే ఆపవలెను. మూడుకొనల గాలములు తెగి బురదలో మిగిలినచో వర్షకాలమున గేదె గిట్టనడుమ దిగిన గాలమును తీయుట ఎంత కష్టమో అనుభవించినవారికే తెలియును. తెగిన నైలాను దారమును గట్టున పాఱవేయక ఇంటికి తెచ్చి కాల్చక పాతిపెట్టవలెను. అది కొంగల కాళ్లకును దూడల కాళ్లకును చుట్టుకొనును. గాలము కొనయందలి ఎదురుముల్లును పట్టకారుతో అణచివేసినచో చిన్నచేపను నోరు చీల్చక వదలుటకు వీలగును, మన వేలికి గుచ్చుకొన్నను సులభముగా వచ్చును.

కార్తెల హద్దులు అన్ని తావుల నొకటిగా నుండవు. వానలు ముందు పడిన యేట చేపయు ముందుగనే గ్రుడ్లు పెట్టును. కావున సభ్యులు తమ గ్రామపు చెఱువులో ఈ యేడు ఎఱ్ఱపిల్లల గుంపు మొదట ఏ దినమున కనబడెనో, చివరగా ఏ దినమున కనబడెనో, నీరు అప్పుడు తూమునకు ఎంత యెత్తున నుండెనో గుర్తుంచుకొని కార్యాలయమునకు ఒక కార్డు వ్రాయగోరుచున్నాము. మఖ కార్తె లోపల చేరినవానిని వచ్చు సంచికలో గ్రామవారీగా ప్రకటింతుము.