పాట ఆపమని చీటీ రాసింది మేమే

మొన్న క్లాసులో యెనిమిదో తరగతి పిల్ల వొకతి లేచి అడిగింది: "సార్, మీకు బాగా యిష్టమైన పాటేది?" వెంటనే వొక ఘంటసాల పాట పేరు చెప్పాం. పిల్లలెవరూ ఆ పాట విని వుండలేదు కాబట్టి బతికిపోయాం. పాట మంచిదే. ఘంటసాల గొంతుతో మాకు పేచీ యేమీ లేదు. కాని అది మాకు యిష్టమైన పాట కాదు. మా యింట్లో మొదటి డిగ్రీ మాది. బీయీడీ చేసి, ఉద్యోగం సంపాదించి, యిరవై యేళ్ళుగా వూరూరా తిరిగి "మన బతుకుల గురించి సిగ్గుపడొద్దు" అని మైకులో చెప్పేది మేమే. యిరవై మంది పిల్లల ముందు మాత్రం అబద్ధమాడాం.

నిజం చెప్పాలంటే, మాకు యిష్టమైన పాటకు పేరు లేదు. కట్టినవాళ్ళ పేరు తెలీదు, రికార్డు లేదు, పుస్తకంలో లేదు. అది మా అమ్మ వూడ్పుల్లో పాడేది.

మాది కొమ్మమూరు కాలవ కింద వూరు. కాలవకు నీళ్ళొచ్చి నారు అందుకొచ్చే వేళకు మేస్త్రి మాదిగపల్లెకు వచ్చేవాడు. అందరికన్నా ముందు మా అమ్మను పిలిచేవాడు. అమ్మ చెయ్యి వేగమని కాదు, అమ్మ పాడుతుందని. అమ్మ వొక ముక్క అంటే మిగతా పాతికమంది వంత. మాట పడ్డచోట మొక్క పడాలి. నడుం వంచి బురదలో వెనక్కి వెనక్కి నడుస్తూ నాటేవాళ్ళకు పాటే గడియారం. ఆసామి గట్టు మీద గొడుగేసుకొని కూర్చుని "యేమే, పాటెత్తుకోవే" అనేవాడు. ఆయనకు పాటంటే ప్రాణమని చిన్నప్పుడు అనుకునేవాళ్ళం. పాట సాగితే చేతులు సాగుతాయి, పొద్దు వాలేలోగా చేను తెములుతుంది. అదీ ఆయన సంగీతాభిమానం!

అమ్మకు యీ సంగతి తెలీదా? మాకన్నా బాగా తెలుసు. పల్లెలో వొకామె నెలలు నిండి కూడా కూలికొచ్చేది. రాకపోతే పొయ్యి వెలగదు. ఆమె వరసలో వెనకబడుతుంటే అమ్మ పాటను సాగదీసేది. వొక్కో మాటనూ లాగి లాగి, రాగం మీద రాగం తిప్పి పాడేది. పాతిక మంది చేతులూ నెమ్మదించేవి. ఆమె వచ్చి వరసలో కలిసేది. ఆసామి చెవికి పాట వినపడుతూనే వుంది, యింకేమని తిడతాడు? నారుకట్టలు అందిస్తూ గట్టు మీంచి మేమిది చూశాం. యిట్లాంటిదాన్నే సమ్మె అంటారని చాలా యేళ్ళ తర్వాత పుస్తకాల్లో చదివాం. ఆ పుస్తకాల్లో మా అమ్మ లేదు.

అమ్మ 2019లో పోయింది. అప్పటికి మా జేబులో రికార్డు చేసే ఫోను వుండి యేళ్ళయింది. నాయకుల ఉపన్యాసాలు గంటలు గంటలు పట్టి దాచుకున్నాం. అమ్మ పాట వొక్కటి కూడా పట్టలేదు. రేపు పడదాంలే అనుకున్నాం.

అమ్మకు అక్షరం రాదు. అయినా ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో యే పాట యెన్నో నంబరో నోటికొచ్చు. ఆ పుస్తకంలో కీర్తన పైన రాగం, తాళం అచ్చు వేసి వుంటాయి. ఆనందభైరవి అనే మాట మేము మొదట చదివింది పల్లెలో చర్చి చాప మీద కూర్చుని. హైస్కూల్లో వొక మేష్టారు "మీకు రాగాలేం తెలుస్తాయిరా" అన్నప్పుడు నోరు పెగల్లేదు. అదే హైస్కూల్లో గరిమెళ్ళ సత్యనారాయణ తెల్లదొరల మీద కట్టిన పాట చెప్పారు, ఆయన జైలుకు పోయిన సంగతీ చెప్పారు. దానికి జవాబుగా రాజమండ్రిలో కుసుమ ధర్మన్న 1921లో నల్లదొరతనం మాకొద్దని పాట కట్టాడని మాత్రం యెవరూ చెప్పలేదు. డిగ్రీ అయ్యాక ఉద్యమంలో తెలిసింది.

కారంచేడులో 1985 జూలై 17న ఆరుగురు మాదిగల్ని చంపిననాటికి మేము పలక పట్టలేదు. ఆ రోజుల్లో పల్లెలో దీపాలు పెట్టకుండా పెద్దవాళ్ళు గుసగుసగా మాట్లాడుకోవడం మాత్రం గుర్తు. ఆ గుసగుసను గొంతెత్తి పాడగా విన్నది పదేళ్ళ తర్వాత, సాంఘిక సంక్షేమ హాస్టల్లో. వొక సీనియర్ అన్న టేప్ రికార్డర్ తెచ్చి, వార్డెన్ పడుకున్నాక దుప్పటి కప్పి గద్దర్ క్యాసెట్ వేశాడు. కారంచేడు మీద కట్టిన పాట. దుప్పటికింద ఆరుగురం తలకాయలు దగ్గర పెట్టుకొని విన్నాం. చచ్చిపోయిన మనవాళ్ళ గురించి యేడవకుండా కూడా పాడొచ్చని ఆ రాత్రి తెలిసింది. గద్దర్ 1985లో అజ్ఞాతంలోకి పోయి 1990లో బయటికొచ్చినవాడు. మనిషి దాక్కున్న కాలంలో కూడా గొంతు పల్లె పల్లెకూ తిరిగింది. మా వూరి నుంచి ఉద్యమంలోకి వచ్చిన పదకొండు మందినీ అడిగి చూశాం. ఉపన్యాసం విని వచ్చినవాడు వొక్కడూ లేడు.

యిక అసలు సంగతి.

మా మండలంలో పాడే అన్న వొకాయన వున్నాడు. పగలు తాపీ పని. చుండూరు మీద తానే వొక పాట కట్టాడు. 1991 ఆగస్టు 6న చంపి కాలవలో పడేసిన యెనిమిది మంది పేర్లూ అందులో వరసగా వస్తాయి. పేరు పేరుకీ డప్పు మీద వొక్క దెబ్బ, ఆ తర్వాత కాసేపు నిశ్శబ్దం. ప్రత్యేక కోర్టు 2007లో వేసిన శిక్షల్ని హైకోర్టు 2014లో కొట్టేసి అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. చంపినవాళ్ళు లేరట, చచ్చినవాళ్ళు మాత్రం వున్నారు. మా మండలంలో ఆ యెనిమిది పేర్లూ పైకి వినపడే చోటు ఆ వొక్క పాటే.

పోయిన యేడు యేప్రిల్ 14 సభ. అన్న పాడుతున్నాడు. నాయకుడి కారు బైపాసు దాటిందని ఫోనొచ్చింది. స్టేజీ బాధ్యత మాది. చీటీ మీద "సార్ వచ్చేశారు, ఆపండి" అని రాసి పంపాం. అన్న అప్పుడు ఐదో పేరు దగ్గరున్నాడు. చీటీ చూశాడు, మా చేతిరాత గుర్తుపట్టాడు, మా వైపు వొకసారి చూసి డప్పు దించాడు. మిగతా మూడు పేర్లు ఆ రోజు యెవరికీ వినపడలేదు. నాయకుడు దండలేయించుకొని గంటసేపు మాట్లాడాడు. చుండూరు అమరుల్ని మరిచిపోవద్దని కూడా అన్నాడు. వొక్క పేరు కూడా చెప్పలేదు.

గట్టు మీది ఆసామికీ స్టేజీ మీది మాకూ తేడా యేమిటి? ఆయనకు మొక్కలు పడాలి, మాకు జనం పోగవాలి. పని అయిపోతే పాట ఆపెయ్యాలి. మైకు సెట్టుకు డబ్బులిస్తాం, యీమధ్య జయంతికి డీజే బాక్సులకు వేలకు వేలు పోస్తున్నాం. పాడేవాడికి టీ యిచ్చి "అన్నా, ఉద్యమం కోసం" అంటాం. ఉపన్యాసకుడికి కుర్చీ, పాటగాడికి స్టేజీ పక్కన నేల. కరపత్రంలో పదిహేను మంది వక్తల పేర్లు, కింద "పాటలుంటాయి" అని వొక ముక్క. భోజనాలుంటాయి అన్నట్టు! పేరు మింగెయ్యడం అగ్రకులాల పని అని మనం ఊరికే అంటున్నాం. వరకట్న చావుల మీద కలేకూరి ప్రసాద్ రాసిన పాటను పాడని కాలేజీ లేదు. 2013లో ఆయన పోయేదాకా ఆ పాట ఆయనదేనని మా స్టాఫ్‌రూములోనే సగం మందికి తెలీదు. చెప్పాల్సిన మేము కూడా చెప్పలేదు.

మా కమిటీలో వొక మిత్రుడు అడ్డం తిరిగాడు. "పాట వుత్సాహం కోసమే, ఆలోచన ఉపన్యాసంతోనే వస్తుంది" అని ఆయన వాదన. మాటకారి, చదువుకున్నవాడు. మీ అమ్మ యే ఉపన్యాసం విని నిన్ను బడికి పంపిందని అడిగాం. జవాబు చెప్పలేదు, వొప్పుకోనూ లేదు. ఆయన్ని వదిలిపెట్టం. మా ప్రతిపాదన చిన్నదే. పాట మొదలైతే పూర్తయ్యేదాకా యెంతటి నాయకుడైనా కింద నిలబడి వినాలి. కట్టినవాళ్ళ పేరు పాటకు ముందు మైకులో చెప్పాలి. రానుపోను చార్జీలు, పోయిన పనిరోజు కూలీ చేతిలో పెట్టాలి. మన ఆడవాళ్ళలో పాతపాటలు వచ్చిన ముసలమ్మలు యింకా వున్నారు. మాలాగా రేపటికి వాయిదా వెయ్యకుండా యీ పక్షంలోనే వెళ్ళి పట్టుకోండి. పేరూ వూరూ రాసి యీ పత్రికకు పంపండి.

సభ అయిన మూడో రోజు అన్న యింటికి వెళ్ళాం. తిడతాడనుకున్నాం. "అలవాటేలే మేష్టారూ" అన్నాడు. తిట్టి వుంటే బాగుండేది. వదిన మాత్రం వూరుకోలేదు. "ఆ రోజు ఆటోకు కూడా అప్పు చేశాం" అని మా మొహం మీదే అన్నది. యీ వ్యాసంలో ఆయన పేరు రాస్తామంటే వొప్పుకోలేదు. "ముందు మైకులో చెప్పండి, తర్వాత పేపర్లో రాద్దురుగాని" అన్నాడు.

అప్పట్నుంచి ఆదివారాలు నోటుబుక్కు తీసుకుని వెళ్తున్నాం. డప్పు లేకుండా చెప్పమంటే ఆయనకు మాటలు గుర్తురావు. డప్పు కొడుతూ చెప్తే మా చెయ్యి అందుకోలేదు. యింటర్ చదివే ఆయన కూతురు మాకన్నా వేగంగా రాస్తుంది కాబట్టి పుస్తకం ఆమెకు యిచ్చేశాం. యిప్పటికి పధ్నాలుగు పాటలు యెక్కాయి. చుండూరు పాట యింకా రాయించలేదు. యెన్నిసార్లు అడిగినా వొకటే మాట, "అది ముందు సభలో చివరిదాకా పాడనివ్వండి."