కదిలే ప్రకటనలు: పాతా కొత్తల పేచీ

జాలంలో కదిలే ప్రకటనకు కొత్త సాంకేతికతే మేలనేవారి వాదం నాకు రుచించదు. 1989లో కదలిక నేర్చిన జిఫ్ నేటికీ విహరిణులన్నిటిలో ఆడుతోంది. దాని తర్వాత పుట్టిన ఫ్లాష్ కథ 2020 డిసెంబరు 31న అడోబీ మద్దతు మానడంతో ముగిసింది. ఒకే సంస్థ గుప్పిట్లోని ఆయువు అంతే!

అలాగని జిఫ్‌కు జేజేలు పలకను. చట్రానికి 256 రంగులే. అంతకన్నా పెద్ద లోపం, అందులో తెలుగు వట్టి బొమ్మ. వెతికితే దొరకదు, చూపులేనివారికి చదివి వినిపించే ఉపకరణానికి అందదు.

2014లో ప్రమాణంగా వెలువడిన హెచ్‌టీఎంఎల్5 ఏ ఒక్కరి సొత్తూ కాదు. అందులో అక్షరం అక్షరంగానే ఉండి కదలగలదు. కనుక నా ఓటు దానికే. కొత్తదని కాదు, అక్షరాన్ని బతకనిస్తుందని. వెతికితే దొరికే తెలుగు కోసమే కదండీ మనమంతా యూనికోడుకు మళ్ళింది!