తుడిచేస్తే పోయేవి కావివి!

పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. చేతినిండా జొన్నపిండి. ఫోన్ మోగింది. పట్నంలో హాస్టల్లో ఉన్న పిల్లేమోనని గబగబా చెయ్యి కడుక్కుని ఎత్తాను. "మేడం, అనంతగిరి కొండల దగ్గర, కోట్‌పల్లి ప్రాజెక్టు పక్కన ఫాంహౌస్ ప్లాట్లు..." అంటూ ఓ అమ్మాయి ఊపిరి తిప్పుకోకుండా మొదలుపెట్టింది. "అమ్మా, నేనుండేది కోట్‌పల్లిలోనే. ఆ ప్రాజెక్టు గాలి మా ఇంట్లోకి పైసా ఖర్చు లేకుండానే వస్తోంది" అన్నాను. "అయితే పెట్టుబడిగా తీసుకోండి మేడం" అంది! నాకు నవ్వాగలేదు. ఈలోగా పప్పు అడుగంటింది.

నవ్వుకుని వదిలేసే సంగతే అయితే ఇది రాసేదాన్ని కాదు. మా మహిళా సంఘంలో ఒకామె లోన్లు, కార్డుల కాల్స్ భరించలేక తెలియని నంబర్లు ఎత్తడమే మానేసింది. కిందటేడు ఆమె కూతురికి నెలలు నిండకుండానే నొప్పులొస్తే, తాండూరు ఆస్పత్రి నుంచి అల్లుడు ఎవరిదో ఫోన్ అడిగి మూడుసార్లు చేశాడు. ఈమె మూడుసార్లూ కట్ చేసింది. కబురు తెలిసేసరికి రాత్రయింది. తల్లీబిడ్డా క్షేమమే. కానీ "ఆ టైముకు బిడ్డ పక్కన లేకపోతినక్కా" అని ఆమె ఇప్పటికీ కళ్లు తుడుచుకుంటుంది. ఎవరో సరుకు అమ్ముకోవడానికి చేసిన ఫోన్లకు మూల్యం చెల్లించింది ఆ తల్లి!

రేషన్, గ్యాస్, బడి, అంగన్‌వాడీ, సంఘం... ఎక్కడైనా రాయించేది ఇంట్లో ఉండే ఆడమనిషి నంబరే. చీరల దుకాణంలో బిల్లు వేసేటప్పుడూ, జాతరలో లక్కీడ్రా చీటీ మీదా అడగ్గానే చెప్పేస్తాం. అది ఎన్ని చేతులు మారుతుందో మనకు తెలియదు. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టమైతే వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో గానీ రాలేదు. అందులోనూ ముఖ్యమైనవి అమలు చేయడానికి పద్దెనిమిది నెలల గడువిచ్చారు. అంతవరకూ మన నంబరుకు మనమే కాపలా.

ఈ అక్కర్లేని కాల్స్ మీద మాత్రం నిబంధనలు కొత్తవి కావు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2007లోనే "మాకు ఫోన్ చేయొద్దు" అనేవాళ్ల జాబితా పెట్టించింది. 2010లో, 2018లో నిబంధనలు మార్చింది. 1909కి ఫోన్ చేసో, ఇంగ్లీషులో 'స్టార్ట్ 0' అని మెసేజీ పంపో ప్రకటనలు వద్దని చెప్పుకోవచ్చు. "అట్ల చేస్తే బ్యాంకు మెసేజీలు గూడ బంద్ అయితయేమో" అని మావాళ్ల భయం. కావు. డబ్బు పడిందనీ, తీశారనీ చెప్పేవి, ఓటీపీలు మామూలుగానే వస్తాయి.

మరి ఇన్నేళ్లయినా బెడద ఎందుకు తగ్గలేదు? నిబంధన పాటించే కంపెనీ ప్రకటన కాల్స్‌కు 140తో మొదలయ్యే నంబరు వాడాలి. పాటించనివాళ్లు మనలాగే మామూలు పదంకెల సిమ్ కొనుక్కుని చేస్తారు. మనం విసుక్కుని కట్ చేస్తాం, మెసేజీ అయితే తుడిచేస్తాం. మన ఫోన్లో పోతుంది, పంపినవాడికి మాత్రం చీమ కుట్టినట్టయినా ఉండదు. వాడు వెంటనే పక్కింటికి చేస్తాడు.

ఇక్కడే 2025 ఫిబ్రవరిలో వచ్చిన మార్పు మనకు పనికొస్తుంది. ఇలాంటి నంబరు మీద అంతకుముందు ఏడు రోజుల్లో పది ఫిర్యాదులొస్తేనే చర్య ఉండేది. ఇప్పుడు పది రోజుల్లో ఐదు చాలు. ఫిర్యాదుకు గడువు మూడు రోజుల నుంచి ఏడుకు పెంచారు. చర్యకు ముప్ఫై రోజులున్నది ఐదుకు తగ్గించారు. మొదటి తప్పుకు పదిహేను రోజులు వాళ్ల ఫోన్ల నుంచి కాల్స్ వెళ్లవు. మళ్లీ చేస్తే ఏడాదిపాటు కనెక్షన్లన్నీ కట్. పైగా, ముందు జాబితాలో చేరకపోయినా ఫిర్యాదు చేయొచ్చు.

ఐదుగురు! మా సంఘంలోనే పదిమందిమి ఉన్నాం. ఒకే ఊరి నంబర్లకు వరసగా చేసే అలవాటు వాళ్లది. అయిదిళ్లలో అయిదుగురు ఆడవాళ్లు 1909కి ఆ నంబరు, తేదీ, ఏమన్నారో చెబితే చాలన్నమాట. ఒక్కరు చేస్తే గొణుగుడు, అయిదుగురు చేస్తే లెక్క.

అయితే దీనికీ హద్దుంది. ప్రకటనలవాడు వేరు, దొంగ వేరు. దొంగకు ఏ జాబితా పట్టదు. 2020 డిసెంబరులో మన రాష్ట్రంలో లోన్ యాప్‌ల వేధింపులకు ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేశాక గానీ ఆ గుట్టు బయటపడలేదు. పీఎం కిసాన్ పేరు చెప్పి వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు నొక్కొద్దని పోలీసులు హెచ్చరిస్తూనే ఉన్నారు. అనుమానం కాల్ అయితే 2024 మార్చిలో మొదలైన 'చక్షు'లో చెప్పాలి. డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930కి చేయాలి. ఇంట్లో తిడతారని ఆలస్యం చేస్తే, ఆ గడియలే దొంగకు లాభం.

ప్లాట్లు అమ్మజూపిన అమ్మాయి మీద నాకు కోపం లేదు. ఆమెదీ పొట్టకూటి కొలువే. నా కోపమల్లా, చెయ్యొద్దని చెప్పుకోవడం మన బాధ్యత అన్నట్టు పెట్టిన ఏర్పాటు మీద. అసలు అడిగి చేయడం వాళ్ల బాధ్యత కావాలి కదా! ఈ నంబర్లనైనా రేషన్ షాపు గోడ మీద, పంచాయతీ ఆఫీసు దగ్గర పెద్ద తెలుగు అక్షరాలతో రాయిస్తే ఎంత ఖర్చవుతుంది?

వాళ్లు రాయించేదాకా మేం ఆగలేదు. పొదుపు లెక్కలు రాసే పుస్తకం వెనక పేజీలో విసిగించే నంబర్లు రాయడం మొదలుపెట్టాం. మొన్నటి మీటింగులో ఒకే నంబరు ఆరుగురి నోట వచ్చింది. ఆరుగురమూ అక్కడే కూర్చుని 1909కి ఫోన్ చేశాం. అందరికంటే ముందు చేసింది, ఆస్పత్రి ఫోన్ ఎత్తలేకపోయిన ఆ తల్లే.