ఎకరం లేనివాడి బిడ్డ రైతు బిడ్డ కాదా?

లాం ఫారం పేరు వినని మనిషి పల్నాడులో వుండడు. అక్కడ పుట్టిన జీ-4, ఎల్‌సీఏ-334 మిరప రకాలు నరసరావుపేట నుంచి మాచర్ల దాకా ఎన్ని చేలల్లో పండాయో, ఎన్ని కల్లాల్లో ఎండాయో లెక్క లేదు. ఆ కాయ కోసి, తాలు ఏరి, టిక్కీలకెత్తిన చేతులు ఎవరివో కూడా అందరికీ తెలుసు. ఇవాళ ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి కేంద్ర కార్యాలయం ఆ లాంలోనే వుంది. గురజాల పక్కన జంగమహేశ్వరపురంలో దాని పరిశోధనా స్థానం వుంది. విశ్వవిద్యాలయం మన గడప ముందుకే వచ్చిందన్న మాట. మరి మన పిల్లలు ఆ గడప ఎట్టా దాటాలి?

విశ్వవిద్యాలయాల పరిపాలన, ప్రణాళిక అనే మాటలు వినగానే మన కార్యకర్తలు కూడా అది చదువుకున్నోళ్ళ గొడవ అని పక్కకు తప్పుకుంటారు. ఇది పొరపాటు. ఎన్ని సీట్లు, ఎవరికి, ఏ కాగితం చూపిస్తే అనేది కూడా ప్రణాళికే. మనకు అన్నిటికన్నా పెద్ద ముక్క అదే.

ఆ కాగితం సంగతి చూద్దాం. వ్యవసాయ డిగ్రీ సీట్లలో నూటికి 40 రైతు కోటా కింద వున్నాయి. మునిసిపాలిటీ కాని ప్రాంతంలో కనీసం నాలుగేళ్ళు చదివి వుండాలి. తల్లిదండ్రులకు తక్కువలో తక్కువ ఒక ఎకరం వ్యవసాయ భూమి వుండాలి. పట్నం పిల్లలే సీట్లన్నీ తన్నుకుపోకుండా పల్లె పిల్లలకు అడ్డు కట్టిన నిబంధన ఇది. అంతవరకూ మంచిదే. ఈ కోటాను ఎత్తేయాలని ఎవరన్నా అంటే ముందు అడ్డుపడేది మనమే.

కాని ఆ ఎకరం దగ్గరే పేచీ.

మాచర్ల పక్క పల్లెలో ఒక కుటుంబం వుందనుకోండి. మూడెకరాలు కౌలుకు పట్టారు. మిరప వేశారు. కౌలు డబ్బు ముందే కట్టారు, విత్తనం, మందు అప్పు తెచ్చారు. 2021లో నల్ల తామర పురుగు పడి పూత పూతంతా మాడిపోయినప్పుడు మునిగింది వాళ్ళు. పొలం ఆసామి పేరున వుంది, ఆసామి గుంటూరులోనో హైదరాబాదులోనో వున్నాడు. వాళ్ళ అమ్మాయి జిల్లా పరిషత్తు హైస్కూల్లో చదివి, ఇంటర్లో బైపీసీ తీసుకుంది. రైతు కోటాకు దరఖాస్తు పెడదామంటే పాసుబుక్కు ఏదీ అంటారు. పురుగు మందు కొట్టీ కొట్టీ చేతులు కాలినవాడు రైతు కాదు. చేనెక్కడుందో మరిచిపోయినవాడు రైతు! ఇదెక్కడి న్యాయం?

కౌలుదారుకు గుర్తింపు వుంది గదా అని అధికారులు అంటారు. 2011లో ఒక చట్టం చేశారు, దాన్ని తీసి 2019లో మరొకటి తెచ్చారు. కొత్త చట్టం కింద కార్డు కావాలంటే ఆసామి సంతకం పెట్టాలి. ఎంతమంది ఆసాములు పెడుతున్నారో మన వూళ్ళల్లో అడిగితే తెలుస్తుంది. ఆ కార్డు సంపాదించినా అది పదకొండు నెలల కాగితం. దాన్ని ఎకరం భూమి కింద ఎవరు జమ కడతారు?

ఇక అసలు సెంటు భూమి లేని కూలీ మాటేమిటి? ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్లు వున్నాయి గదా అనేవాళ్ళున్నారు. వున్నాయి, అవి పోరాడి తెచ్చుకున్నవి. కాని రైతు కోటా తలుపు దగ్గర ఏ కులం కూలీ బిడ్డనైనా ఆ ఎకరమే అడుగుతున్నారు. పంచాయతీ హద్దులో కట్టిన కార్పొరేటు హాస్టల్లో నాలుగేళ్ళు గడిపి, తాత ఎకరం చూపించిన పిల్లవాడికి లేని అడ్డు, పుట్టిన కాడ నుంచి చేలోనే పెరిగిన పిల్లకు వుంది.

పరిశోధనా క్షేత్రాలు ఎట్టా నడుస్తున్నాయో కూడా చూడండి. కొత్త రకం కనిపెట్టింది శాస్త్రవేత్త అంటారు, సరే. ఆ మళ్ళల్లో నారు పోసేది, కలుపు తీసేది, సాలు సాలుకూ కాయను విడివిడిగా కోసి తూకానికి పెట్టేది కూలీలు. ఏ సాల్లో ముందు ముడత వచ్చిందో, ఏ మొక్క వాడిపోయిందో సారు వచ్చి చూసే లోపల వాళ్ళకే కనపడుతుంది. ఈ జ్ఞానానికి దినకూలీయే తప్ప కాలేజీలో విలువ లేదు.

ఈ విశ్వవిద్యాలయం 1964లో పుట్టింది. అమెరికాలోని కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ సాయంతో, వాళ్ళ నమూనాలో దీన్ని పెంచారు. ఆ నమూనాకు మూలం 1862 నాటి అమెరికా చట్టం. సేద్యం చేసేవాళ్ళ, కష్టజీవుల పిల్లలకు పెద్ద చదువులు అందాలని ప్రభుత్వ భూములు యిచ్చి కాలేజీలు పెట్టించిన చట్టం అది. (ఆ భూములు అక్కడి ఆదివాసుల దగ్గర గుంజుకున్నవనేది వేరే కథ, మరిచిపోకూడని కథ.) నమూనా తెచ్చుకున్నాం గాని, కష్టజీవి అన్న మాటను దారిలో ఎక్కడో జారవిడిచాం. 1996లో దీనికి రంగా గారి పేరు పెట్టారు. 1959లో సహకార వ్యవసాయం తీర్మానాన్ని కాదని కాంగ్రెసు నుంచి బయటికి పోయిన ఆయనతో మనకు పేచీ వుంది. అయినా నిడుబ్రోలులో రైతు బిడ్డల కోసం విద్యాలయం నడిపిన మనిషి ఆయన. ఆ పేరు మోస్తున్న సంస్థ యిది.

మార్చడం కుదరదు అంటే మేము నమ్మం. 2014లో రాష్ట్రం విడిపోయాక ఈ విశ్వవిద్యాలయమూ రెండయింది. తెలంగాణ భాగానికి జయశంకర్ గారి పేరు పెట్టారు. 2025లో అక్కడ వ్యవసాయ కూలీల పిల్లలకు 15 శాతం సీట్లు కేటాయించారు. నిన్నటిదాకా ఒకే పొయ్యి మీద వండుకున్నవాళ్ళు. అక్కడ కుదిరింది యిక్కడ ఎందుకు కుదరదు? తెలంగాణలో అంతా బాగుందని కాదు. రాజేంద్రనగర్‌లో విశ్వవిద్యాలయం భూమి నూరెకరాలు హైకోర్టు కట్టడానికి తీసుకుంటే, విద్యార్థులు రోడ్డెక్కినా 2024లో శంకుస్థాపన ఆగలేదు. అది తప్పే. కాని సీట్ల విషయంలో వాళ్ళు చేసింది సరైన పని.

మేము అడుగుతున్నది ఎక్కువేమీ కాదు. కూలీ పిల్లలకు యిక్కడా విడిగా వాటా పెట్టండి. పాసుబుక్కుతో పాటు కౌలు కార్డును, అది లేనిచోట గ్రామసభ యిచ్చే ధ్రువీకరణను ఒప్పుకోండి. పాలకమండలిలో అభ్యుదయ రైతు పక్కన కూలీకీ ఒక కుర్చీ వేయండి. ఆ రైతు చేలో పనిచేసేదీ ఆ కూలీయే గదా.

వచ్చే అడ్మిషన్ల ప్రకటన వచ్చేలోగా సంఘం వున్న ప్రతి వూళ్ళో ఒక పని పెట్టుకుందాం. ఇంటర్ బైపీసీ చదువుతున్న కూలీల పిల్లలు, కౌలుదార్ల పిల్లలు ఎంతమందో పేరు పేరునా రాద్దాం. ఏ ఆసామి చేను, ఎన్నేళ్ళుగా చేస్తున్నారు, ఏ బడిలో చదివారు అన్నీ రాసి లాం ఆఫీసులో యిచ్చి రసీదు తీసుకుందాం. దరఖాస్తులో భూమి వివరాల గడి దగ్గర ఆ పిల్లలు ఏం రాయాలో వాళ్ళనే చెప్పమందాం.